రక్తములోని విషహర కావలి: ఉన్నదా? పనిచేయుచున్నదా?

"ఒంట్లోని విషమంతా వెళ్లిపోయే మందేదైనా చెప్పండి స్వామీ" అని నన్నడుగువారు ఈ పదేండ్లలో ఎక్కువైనారు. పులివెందుల, వేంపల్లె, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నుండి గండి క్షేత్రమునకు వచ్చువారు వీరాంజనేయస్వామి దర్శనము చేసికొని, తిరుగుదారిలో నా వద్ద ఆగి నాడి చూపించుకొనుట వాడుక. వారిలో బాగుగా చదువుకొన్నవారు సయితము ఏదో ఒక కషాయమును వారము దినములు త్రాగిన చాలునను నమ్మకముతో వచ్చుచున్నారు. వారికి నేను మొదట చెప్పునది ఒక్కటే. విషమును విరిచెడి పనిని శరీరము రాత్రింబవళ్లు తానే చేసికొనుచున్నది. ఆ పని చేయు ఎంజైములు కాలేయమునందును, రక్తమునందును ఉన్నవి. వానిలో ఒకటి కొన్ని కుటుంబములలో పుట్టుకతోనే పనిచేయదు. ఆ సంగతి ఆ యింటివారికి ముందుగా తెలిసియుండుట ఏ కషాయము కన్నను ఎక్కువ మేలు చేయును.

ఈ పాఠమునందు ఆ ఎంజైమును గురించియు, దానిని రక్తములో గుర్తుపట్టుటకు ప్రయోగశాలలలో వాడెడి ప్రతిరక్షకమును గురించియు, మన తెలుగువారిలో ముఖ్యముగా ఆర్యవైశ్య కుటుంబములకు ఈ విషయము ఎందుకు అవసరమో దానిని గురించియు వివరించెదను.

ఎవరీ కావలివాడు?

దీని పేరు బ్యూటిరైల్ కోలినెస్టరేజ్. ప్రయోగశాలల చీటీలలో సీరం కోలినెస్టరేజ్ అనియో, సూడో కోలినెస్టరేజ్ అనియో వ్రాయుదురు. ఇది కాలేయములో తయారై రక్తములోనికి వచ్చి తిరుగుచుండెడి ప్రోటీను. ఒక్కొక్క పోగునందు 574 అమైనో ఆమ్లములు ఉండును. అట్టి పోగులు నాలుగు కలిసి ఒక కట్టగా రక్తములో సంచరించును. ఒక కట్ట సగముమేర తరుగుటకు ఇంచుమించు 12 దినములు పట్టును. ఈలోగా కాలేయము క్రొత్తదానిని పంపుచునే యుండును.

దీని పరిమాణము వినిన ఆశ్చర్యము కలుగును. ఒక లీటరు రక్తద్రవములో, అనగా కణములను తీసివేసిన ప్లాస్మాలో, ఇది సుమారు 5 మిల్లీగ్రాములు మాత్రమే. పెద్దవారి దేహములోని ప్లాస్మా మూడు లీటర్లనుకొనిన మొత్తము 15 మిల్లీగ్రాములు. మా వైద్యుల తూకములో చెప్పవలెనన్న ఒక గురివింద గింజ ఎత్తులో ఎనిమిదవ వంతు. అదే ప్లాస్మాలో ఆల్బుమిన్ అను ప్రోటీను లీటరుకు 40 గ్రాముల వరకు ఉండును. అనగా మన కావలివాడు ఒక్కడుండుచోట ఆల్బుమిన్ బరువున ఎనిమిదివేల రెట్లున్నది. జాతర గుంపులో ఒక్క మనిషిని వెదకుట వంటి పని ఇది. ప్రతిరక్షకము అవసరము ఇక్కడనే కలుగుచున్నది.

ఇంత కొంచెముగా ఉన్నను ఇది చేయు పని గొప్పది. ఆస్పిరిన్, ప్రొకేన్, కొకెయిన్ వంటి పదార్థములను ఇది విరుచును. పైరులపై చల్లు ఆర్గనోఫాస్ఫేటు వర్గపు పురుగుమందులు రక్తములో చేరినచో, నరములకు అవసరమైన అసలు కోలినెస్టరేజును అవి తాకకముందే ఇది అడ్డుపడి వానిని తనకు కట్టుకొనును. ఇట్లు కట్టుకొనిన ఎంజైము మరల పనికిరాదు. తాను చెడి మనలను కాపాడుననవచ్చును.

శస్త్రచికిత్స గదిలో దీని ముఖ్యమైన పని మరియొకటి కలదు. రోగికి శ్వాసగొట్టము అమర్చుటకు కండరములను క్షణములలో సడలించు సక్సినైల్ కోలిన్ అను ఇంజెక్షనును 1951 నుండి వాడుచున్నారు. మన ఆసుపత్రులలో స్కోలిన్ అనిన ఎక్కువమందికి తెలియును. సిజేరియన్ వంటి అత్యవసర శస్త్రచికిత్సలలోను, మానసిక వైద్యములో చేయు విద్యుత్ చికిత్సలోను దీని ఉపయోగము ఉన్నది. ఇంజెక్షను చేసిన మందులో చాలాభాగమును మన కావలివాడు రక్తములోనే విరిచివేయును. సుమారు పదవ వంతు మాత్రమే కండరములను చేరును. అందువలన ఆ సడలింపు ఐదు, పది నిమిషములలో తీరిపోయి రోగి తన శ్వాస తాను తీసికొనును. ఎంజైము లేనివారిలో ఇచ్చిన మందంతయు కండరములకు చేరి, గంటల తరబడి శ్వాస కండరములు కదలకుండును. ఈ సంబంధమును 1952లోనే వైద్యులు గమనించిరి.

మూలికను గుర్తించుట వేరు, గుణము తేల్చుట వేరు

గురుకులములో మాకు మొదట నేర్పిన విద్య మూలికను గుర్తించుట. పాలకొండలలో తీగలు అనేకములుండగా తిప్పతీగను కోసి చూచిన లోపల బండిచక్రపు ఆకుల వంటి గీతలు కనిపించును. ఆ ఆనవాలుతో అది తిప్పతీగయే అని తేల్చవచ్చును. అయితే గురువుగారు అక్కడితో విడువలేదు. ఆ తీగ ఏ ఋతువున కోసినది, నీడన ఆరినదా, పురుగు పట్టినదా, ఎన్నాళ్ల నిలువ అని అడుగుచుండిరి. తిప్పతీగయే అయినను దానిలో సత్తువ లేకపోవచ్చును. గుర్తింపు ఒక పరీక్ష, గుణము మరియొక పరీక్ష.

ఎంజైము విషయములోను ఈ రెండు ప్రశ్నలు వేరువేరుగా అడుగవలసియున్నది. అది రక్తములో ఉన్నదా? ఉన్నచో పనిచేయుచున్నదా?

రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పు పరీక్ష 1961లో ఎల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించినది. ఎంజైము విరుచుటకు అనువైన ఒక పదార్థమును సీరములో కలుపుదురు. ఎంజైము దానిని విరిచినకొలది పసుపురంగు పుట్టును. రంగు ఎంత త్వరగా పుట్టినదో కొలిచి ఎంజైము చురుకుదనమును లెక్కగట్టుదురు. అంతకుముందే 1957లో కెనడాలోని వెర్నర్ కాలో, డైబుకేన్ అను మందుతో ఈ ఎంజైమును అడ్డగించి చూచి, మామూలు ఎంజైము 80 శాతము వరకు అణగిపోవుననియు, వంశములో మార్పు పొందిన ఒక రకము 20 శాతము మాత్రమే అణగుననియు చూపెను. ఎంజైము చురుకుదనము బొత్తిగా కనిపించని "మౌన" రకము 1962లో వెల్లడియైనది.

మొదటి ప్రశ్నకు, అనగా "ఉన్నదా" అను దానికి, పసుపురంగు సమాధానము చెప్పజాలదు. రంగు పుట్టలేదన్న ఎంజైము లేకపోయి యుండవచ్చును. ఉండియు చేతులు కట్టివేయబడి యుండవచ్చును. ఈ భేదము తేల్చునది ప్రతిరక్షకము.

ప్రతిరక్షకము తయారగు విధము

మశూచికి టీకా వేసినపుడు దేహము ఆ క్రిమి రూపును గుర్తుంచుకొని, దానికి అతుకుకొను ప్రోటీనులను తయారుచేయునని పాఠకులకు తెలియును. యాంటీబాడీలని వైద్యులు పిలుచునవి అవియే. శాస్త్రజ్ఞులు ఈ ప్రకృతి ధర్మమును ప్రయోగశాలకు మళ్లించిరి. మానవ రక్తము నుండి శుద్ధిచేసిన బ్యూటిరైల్ కోలినెస్టరేజును కుందేలుకో, ఎలుకకో ఇంజెక్షను చేసినచో దాని దేహము దానిని పరాయి పదార్థముగా ఎంచి, దానికి సరిపోవు ప్రతిరక్షకములను తయారుచేయును. వానిని రక్తము నుండి వేరుచేసి వాడుకొందురు.

అయితే ఒక జంతువు ఇచ్చు ప్రతిరక్షకములు పలురకములుగా ఉండును. ఒకటి ఎంజైము తలను పట్టుకొనిన, మరియొకటి ప్రక్కను పట్టుకొనును. జంతువు మారిన ఈ కలగలుపును మారును. ఈ చిక్కును 1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనువారు తీర్చిరి. ప్రతిరక్షకమును తయారుచేయు ఒక్క కణమును ఎడతెగక పెరుగు మరియొక కణముతో జోడించి, ఒకే రకపు ప్రతిరక్షకమును కావలసినంత కాలము తయారుచేయు విధమును కనుగొనిరి. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించినది. మన ఎంజైమునకు సయితము ఇట్టి ఏకరూప ప్రతిరక్షకములు అనేకము తయారైనవి.

దీనిని వాడుట ఇట్లు. చిన్న చిన్న గుంటలు గల పళ్లెములో ప్రతిరక్షకమును అంటించి ఉంచుదురు. దానిలో రోగి సీరమును పోసిన, వేల ప్రోటీనుల నడుమ మన ఎంజైము మాత్రమే ఆ ప్రతిరక్షకమునకు అతుకుకొనును. తక్కినదంతయు కడిగివేయుదురు. మిగిలినదానిని రంగు పుట్టించు రెండవ ప్రతిరక్షకముతో కొలుతురు. ఎలీసా అని మనము ఇతర రోగముల సందర్భమున వినుచున్నది ఈ పద్ధతియే. 1971 నుండి ఇది వాడుకలో ఉన్నది.

మంచి ప్రతిరక్షకమునకు ఒక నియమము కలదు. నరముల కూడలులలోను, ఎర్ర రక్తకణములపైనను ఉండెడి అసిటైల్ కోలినెస్టరేజ్ అను ఎంజైము దీనికి దాయాది. రెండింటి నిర్మాణము సగమునకు పైగా ఒక్కటే. బ్యూటిరైల్ కొరకు చేసిన ప్రతిరక్షకము ఆ దాయాదిని పట్టరాదు. పట్టినచో లెక్క తప్పును. తిప్పతీగ బదులు దానిని పోలిన తీగను కోసి తెచ్చిన శిష్యుని వంటిదే ఆ ప్రతిరక్షకము.

రెండు పరీక్షలు కలిపి చూచినపుడు

ఎంజైము పరిమాణము మామూలుగా ఉండి, చురుకుదనము తగ్గినచో రెండు కారణములుండవచ్చును. పురుగుమందు వంటి విషము దానిని కట్టివేసియుండవచ్చును. లేదా ఆకారము నిలిచియున్నను పనిచేయని రకము వంశములో వచ్చియుండవచ్చును.

పరిమాణము, చురుకుదనము రెండును తగ్గినచో కాలేయ వ్యాధి కారణము కావచ్చును. గర్భిణులలోను, ప్రసవమైన కొద్దిదినములలోను సహజముగానే ఇది కొంత తగ్గును. రెండును దాదాపు శూన్యమైనచో, మనిషి ఆరోగ్యముగా ఉన్నచో, పుట్టుకతో వచ్చిన మౌనరకమును శంకింపవలెను.

కాలము కూడ మంచి పరీక్షయే. విషము వలన తగ్గిన ఎంజైమును కాలేయము కొద్ది వారములలో తిరిగి నింపును. పుట్టుకతో లేనివారిలో రెండు నెలల తరువాత చేసినను అదే ఫలితము వచ్చును.

ప్రతిరక్షకము ఉపయోగము ఇంతటితో ముగియదు. 1995 మార్చి 20న జపాను రాజధాని టోక్యోలో భూగర్భ రైళ్లలో సారిన్ అను నరవిషమును వదలిరి. బాధితుల సీరములో ఈ ఎంజైమునకు అంటుకొనియున్న విషమును నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు విడదీసి చూపి 1997లో ప్రకటించిరి. తరువాతి కాలమున, అయస్కాంతమునకు అంటుకొను పూసలపై ప్రతిరక్షకమును పూసి, రక్తము నుండి ఈ ఎంజైమును మాత్రమే లాగి, దానిపై ఏ విషము అంటియున్నదో తూచి చెప్పు పద్ధతులు వచ్చినవి. విషము దేహమును విడిచిపోయినను, కావలివాని వంటిపై దాని గుర్తు కొన్నాళ్లు నిలిచియుండునన్నమాట.

తెలుగువారిలో తెలిసిన సంగతి

ఈ మౌనరకము ప్రపంచములో చాల అరుదు. పాశ్చాత్య దేశములలో దాదాపు లక్షమందిలో ఒకరికి ఉండునని అంచనా. అయితే 1979లో పి.ఆర్. రావు, కె.బి. గోపాలం అను పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని వైశ్యులలో ఇది ఎక్కువగా ఉన్నదని అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. తరువాత కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఐ. మనోహరన్, ఆర్. బూపతి ప్రభృతులు, అమెరికాలోని నెబ్రాస్కాలో ఈ ఎంజైముపై జీవితకాలము కృషిచేసిన ఒక్సానా లాక్రిడ్జ్‌తో కలిసి, ఆ నగరములోని వైశ్యులను పరీక్షించి 2006లో కారణమును కనుగొనిరి. ఎంజైములో 307వ స్థానమున ఉండవలసిన ల్యూసిన్ అను అమైనో ఆమ్లము బదులు ప్రోలిన్ చేరియున్నది. ఒక్క ఇటుక మారుటతో కట్టడమంతయు నిలువలేకపోయినది. వారి లెక్క ప్రకారము ఆ సమాజములో ఇంచుమించు 25 మందిలో ఒకరికి ఈ మౌనరకము కలదు. పాశ్చాత్యులతో పోల్చిన నాలుగువేల రెట్లు ఎక్కువ.

ఇట్లెందుకైనది? హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీసింగ్‌లు అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో వెలువరించిన పరిశోధన దీనికి దారి చూపినది. వేల ఏండ్ల క్రిందట కొద్ది కుటుంబముల నుండి వృద్ధిచెందిన సమాజము తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చినచో, ఆ కొద్దిమందిలో ఒకరికున్న అరుదైన లక్షణము నేడు లక్షలమందిలో కనిపించును. వైశ్యుల విషయములో ఆ మూలకాలము సుమారు రెండు, మూడువేల ఏండ్ల క్రిందటిదని రైక్ తరువాత వ్రాసెను. నూట రెండు గోత్రములను నేటికిని శ్రద్ధతో పాటించు సమాజమునకు ఈ మాట వింతగా తోపదు. ఇది వైశ్యులకు మాత్రమే చెందిన సంగతియును కాదు. 2017లో వెలువడిన మరియొక పరిశోధనలో 260కి పైగా దక్షిణాసియా సమూహములను చూడగా, 81 సమూహములలో ఇట్టి బలమైన మూల సంకోచము కనిపించినది. ఒక్కొక్కరికి ఒక్కొక్క లక్షణము సంక్రమించియుండును. ఎవరును ఎవరిని వేలెత్తి చూపవలసిన పని లేదు.

పాఠకులు ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి. ఇది రోగము కాదు. ఈ ఎంజైము లేని వైశ్యుల ఆరోగ్యమును పరిశీలించి అదే పరిశోధకులు 2007లో ప్రకటించిన నివేదికలో, వారు తక్కినవారివలెనే ఆరోగ్యముగా ఉన్నారని తేలినది. తినుటకు, పనిచేయుటకు, సంతానమునకు దీని వలన కొరత లేదు. ఆ ఒక్క ఇంజెక్షను వంటి సందర్భములందు మాత్రమే భేదము బయటపడును.

ఒక కుటుంబము చెప్పిన మాట

ప్రొద్దుటూరులో వస్త్రవ్యాపారము చేయు ఒక ఆర్యవైశ్య కుటుంబము కొన్నేండ్ల క్రిందట నా వద్దకు వచ్చినది. వారి కోడలికి సిజేరియన్ జరిగిన పిమ్మట ఐదారు గంటలు తనంతట శ్వాస రాలేదు. వైద్యులు యంత్రముతో శ్వాస అందించి కాపాడిరి. తల్లియు, బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. ఇంటివారు మాత్రము ఏదో గాలి సోకినదని భయపడి, బలమునకు లేహ్యము ఇమ్మని నన్నడిగిరి.

నేను ఆమె తల్లిని, "అమ్మా, మీ పుట్టింటివైపు ఎవరికైనా ఆపరేషను తర్వాత ఇట్లయినదా?" అని అడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "మా తమ్మునికి అపెండిసైటిస్ ఆపరేషనప్పుడు రాత్రంతా మిషను మీదనే పెట్టినారు స్వామీ. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు" అన్నది. మేనమామకు జరిగినది ఎవరును కాగితముపై వ్రాసికొనలేదు. వ్రాసికొనియుండిన మత్తు వైద్యుడు వేరొక మందును ఎంచుకొనియుండును. నేను లేహ్యము ఇచ్చి పంపక, సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయించుడని చీటీ వ్రాసియిచ్చితిని. ఆమెకును, ఆమె అన్నకును ఎంజైము చురుకుదనము దాదాపు శూన్యమని తేలినది. ఇప్పుడు ఆ యింటిలో ఆ చీటీ నకళ్లు ఇద్దరి పర్సులలోను ఉన్నవి.

శాస్త్రదృష్టి

చరకసంహిత ఇంద్రియస్థానము మొదటి అధ్యాయములో మానవ ప్రకృతిని నిర్ణయించు అంశములు ఆరు చెప్పబడినవి. జాతి, కులము, దేశము, కాలము, వయస్సు, ఆ వ్యక్తికి మాత్రమే చెందిన విశేషము అనునవి అవి. ఇక్కడ కులమనగా వంశము. ఒకరికి హితమైన ద్రవ్యము వేరొకరికి అహితము కావచ్చుననియు, దానికి కారణము వంశములో ఉండవచ్చుననియు మన శాస్త్రము ఎరుగును. అంతమాత్రమున ఈ ఎంజైమును మన ఋషులు ఆనాడే చెప్పిరనుట సత్యము కాదు. వారు వంశమును విచారింపవలెనను ప్రశ్నను మనకిచ్చిరి. నేటి శాస్త్రజ్ఞులు ఒక సమాధానమును ఇచ్చుచున్నారు.

ఈ ఎంజైమును పుట్టించు మూలిక ఏదియు నాకు తెలియదు. పుట్టుకతో లేని ప్రోటీనును కషాయము తేజాలదు. అట్లు తెచ్చునని చెప్పి అమ్మువారిని నమ్మవలదు.

పురుగుమందు విషయములో జాగ్రత్త

మన ప్రాంతములో ప్రత్తి, శనగ, చీనీ, అరటి తోటలకు క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు చల్లుదురు. వీనికి లోనైనవారిని ఆసుపత్రికి తెచ్చినపుడు సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయుట వాడుక. పుట్టుకతో ఈ ఎంజైము లేనివారికి ఆ పరీక్ష చేసిన, విషము సోకకున్నను సోకినట్లు కనిపించును. అందువలన కుటుంబ విషయము వైద్యునికి చెప్పుట ఇక్కడను అవసరము. అట్టివారిలో ఎర్ర కణములపై నుండు దాయాది ఎంజైమును కొలిచిన నిజము తేలును.

ఒక చిన్న లెక్క చెప్పెదను. ఈ ఎంజైము ఒక్కొక్క పోగు ఒక్కొక్క విషపు అణువునే పట్టగలదు. మన దేహములోని 15 మిల్లీగ్రాముల ఎంజైమంతయు కలిసి పట్టగల విషము ఒక మిల్లీగ్రాములో ఇరువదవ వంతు మాత్రమే. చల్లునపుడు చర్మము గుండా లోనికి పోవు అల్పమాత్రకు ఇది అడ్డు కాగలదు గాని, త్రాగిన విషమునకు కాదు. ఎంజైము సమృద్ధిగా ఉన్నవారికి సయితము ధైర్యము పనికిరాదని దీని భావము.

గృహస్థులు పాటింపవలసినవి

1. ఇంటిలోగాని, దగ్గరి రక్తబంధువులలోగాని ఎవరికైనా శస్త్రచికిత్స తరువాత శ్వాస ఆలస్యముగా వచ్చియుండిన, ఆ సంగతిని తేదీతో సహా వ్రాసియుంచవలెను.

2. ఏ శస్త్రచికిత్సకైనను ముందు మత్తు వైద్యునికి ఈ విషయము చెప్పవలెను. శస్త్రవైద్యునికి చెప్పితిమి గదా అని ఊరకుండరాదు. రోకురోనియం వంటి వేరు మందులు నేడు లభించుచున్నవి.

3. ఆర్యవైశ్య కుటుంబములవారు, ముఖ్యముగా వివాహమై కాన్పులకు సిద్ధపడు స్త్రీలు, ఆరోగ్యముగా ఉన్న సమయములో ఒక్కసారి సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయించుకొనుట మంచిది. ఇది సామాన్యమైన రక్తపరీక్ష. మీ ఊరిలో చేయకున్నచో నమూనాను నగరమునకు పంపి చేయించుదురు. ప్రతిరక్షకముతో చేయు పరీక్ష చాలవరకు పరిశోధనాలయములకు చెందినది. ప్రతి ఇంటికిని దాని అవసరము రాదు.

4. ఒకరికి లేదని తేలిన, తోబుట్టువులకు కూడ చేయించవలెను. తల్లిదండ్రులిద్దరిలోను ఒక్కొక్క పాలు లోపమున్నచో ప్రతి బిడ్డకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు.

5. ఫలితమును ఆధార్ కార్డుతోపాటు పర్సులో ఉంచుకొనవలెను. తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాయించిన ఏ ఊరి వైద్యుడైనను చదువగలడు.

6. మందు చల్లువారు చేతులకు తొడుగులు, ముఖమునకు గుడ్డ, ఒంటినిండ బట్ట ధరించి, గాలివాటము చూచి చల్లవలెను. ఇంటికి రాగానే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను వేరుగా ఉదుకవలెను.

7. విషము సోకినవారి బట్టలు తీసివేసి, సబ్బు నీటితో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను. ఉప్పునీరు, చింతపండు రసము త్రాగించి వాంతి చేయింపరాదు. అట్రోపిన్ వంటి విరుగుడులు ఆసుపత్రిలోనే ఉన్నవి. ఇది గృహవైద్యమునకు లొంగునది కాదు.

పాఠకుల సందేహములు

"ఎంజైము లేదని తేలినది. ఇక శస్త్రచికిత్సయే చేయించుకొనరాదా?"

నిస్సంకోచముగా చేయించుకొనవచ్చును. ఆ ఒక్క మందును, మైవాక్యూరియం అను దాని తోడి మందును మానిన చాలును. పొరపాటున ఇచ్చినను, యంత్రముతో శ్వాస అందించుచు, రోగికి తెలివి రాకుండ మత్తును కొనసాగించుచు ఉండిన, కొన్ని గంటలలో మందు తనంతట తాను తరిగిపోవును. శ్వాసయంత్రము లేనిచోటనే ప్రాణభయము.

"పెండ్లి సంబంధములు చూచునపుడు దీనిని విచారింపవలెనా?"

పిల్లను గాని, పిల్లవానిని గాని కాదనుటకు ఇది కారణము కానేకాదు. మేనరికము చేసికొనినవారి పిల్లలలో ఇది కలిసివచ్చు అవకాశము కొంత ఎక్కువ గనుక, వారు పరీక్ష చేయించుకొనిన చాలును.

"మేము వైశ్యులము కాము. మాకీ పాఠముతో పనియేమి?"

ఈ లోపము అరుదుగానైనను అన్ని కుటుంబములలోను కలదు. మత్తుమందు పడనివారు మీ యింటిలో ఉన్నారా అని పెద్దలను అడిగి తెలిసికొనుడు. పెద్దలు జీవించియుండగానే అడుగవలెను. వారి వెంట పోయిన సమాచారమును ఏ ప్రయోగశాలయు తిరిగి తేజాలదు.

"కాలేయబలమునకు ఏదైనను తీసికొనవచ్చునా?"

వేళకు భోజనము, మద్యపానము మానుట, తగినంత నిద్ర, పథ్యముతో కూడిన ఆహారము ఉండిన కాలేయము తన పని తాను చేసికొనును. ఉసిరిక, నేల ఉసిరి వంటివి మీ వైద్యుని సలహాపై వాడవచ్చును. అయితే వానిని ఈ పరీక్షకు బదులుగా ఎంచరాదు. పరీక్ష చీటీ లేక శస్త్రచికిత్స గదిలోనికి పోవువానికి ఏ ఉసిరికయు తోడురాదు.